రాగి ఎరుపు: రస్కిన్ కూజా, డౌల్టన్ బొమ్మ

నిప్పురంగు గ్లేజుల (కాల్చాక గాజులా మెరిసే పూతల) పాత పింగాణీని ఇష్టపడే విశాఖవాసులు ఇంగ్లండ్‌కు చెందిన రస్కిన్, రాయల్ డౌల్టన్ కర్మాగారాల పాత్రలలో ఒకదానిని ఎంచుకునే ముందు ఆ రంగు పుట్టుకను తెలుసుకోవడం మేలు. రెండింటిలోనూ, గ్లేజులో కలిపిన రాగికి బట్టీలో ఆక్సిజన్ తగినంత అందకుండా చేస్తేనే నెత్తుటి ఎరుపు వస్తుంది. గాలి చొరబడిన చోట ఆకుపచ్చ తేలుతుంది.

చార్లెస్ నోక్ ఆధ్వర్యంలో ఇంగ్లండ్‌లోని బర్స్‌లెమ్‌లో రూపుదిద్దుకుని, 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రదర్శనకు వెళ్లిన డౌల్టన్ ఫ్లాంబే (ఈ నిప్పురంగు గ్లేజు పింగాణీ) నునుపుగా తళతళలాడుతుంది. ఏనుగులు, కుందేళ్ల వంటి బొమ్మలుగా విరివిగా తయారైనందున వెతికితే దొరుకుతుంది.

రస్కిన్ సంగతి వేరు. ఇంగ్లండ్‌లోని స్మెథిక్‌లో విలియం హౌసన్ టేలర్ కాల్చిన మంచి కూజాను దగ్గరగా చూస్తే, మూతి అంచున గ్లేజు పలచబడి తెల్లబారుతుంది. భుజం మీద ఎరుపు, ఊదా, పావురం మెడ బూడిదరంగు ఒకదానిలోకి ఒకటి జారి, అడుగుకు చేరేసరికి చిక్కబడతాయి. ఆయన 1935లో కన్నుమూశారు. తన గ్లేజుల తయారీ వివరాలను ఎవరికీ దక్కకుండా నాశనం చేశారు. ఆ నష్టం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

లాసన్స్ బే వైపు, ఉదయపు ఎండ పడే తూర్పు కిటికీ దగ్గర ఉంచడానికి, ధర ఎక్కువైనా నేను రస్కిన్‌నే ఎంచుకుంటాను. వెలుగు మారేకొద్దీ దాని ఊదాలో కొత్త ఛాయలు కనిపిస్తాయి. ఏది కొన్నా మూతి అంచును వేలితో తడిమి, పెచ్చులూ అతుకులూ లేవని నిర్ధారించుకోవాలి.