మనసు పడటమా, మోహపడటమా: పెళ్లికి ఏది మేలు?

పోయిన ఆదివారం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ పొట్లం చేతికి వచ్చేదాకా ఆగి, మా పిన్ని కూతురు మెల్లగా అడిగింది: "అక్కా, అతను పక్కన ఉంటే నాకు ఒళ్లు తెలియదు. ఊరికి వెళితే మాత్రం గుర్తే రాడు. ఇది ప్రేమేనా?"

గుర్తే రాడన్న మాటలోనే సగం జవాబు ఉంది. లైంగిక ఆకర్షణ శరీరం అడిగేది. ముట్టుకోవాలి, దగ్గరకు తీసుకోవాలి, అంతే. అతని చిన్ననాటి కబుర్లతో దానికి పనిలేదు. వలపు అలా కాదు. మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా కిక్కిరిసిన బస్సులో నిలబడి వెళ్లి, పావుగంట టీ తాగి, అదే బస్సులో నవ్వుకుంటూ తిరిగి వచ్చేలా చేసేది వలపు. అతనికి జ్వరం వస్తే మనకు అన్నం సయించదు. ముద్దు ఆలోచన అసలు రాకపోనూ వచ్చు.

రెండూ కలిసి వచ్చినవారికి ఈ గొడవ లేదు. విడివిడిగా వచ్చేవారూ తక్కువ మంది కాదు. అమెరికా మనస్తత్వవేత్త డొరతీ టెన్నోవ్ 1979లో ప్రచురించిన పరిశీలనలో, శృంగారం అవసరమనిపించకుండానే ప్రేమించామన్నవారు స్త్రీలలో 61 శాతం, పురుషులలో 35 శాతం. ప్రేమ ఛాయ కూడా లేకుండా కోరిక కలిగిందన్నవారు పురుషులలో 79, స్త్రీలలో 53 శాతం. 2003లో మరో అమెరికా మనస్తత్వవేత్త లీసా డైమండ్ దీనికి కారణం వెతికారు. కోరిక సంతానం కోసం ఏర్పడిన వ్యవస్థదనీ, ప్రేమ పసిబిడ్డకూ పెంచేవారికీ మధ్య ముడివేసే వ్యవస్థ నుంచి వచ్చిందనీ, అందుకే ఒకటి లేకుండా మరొకటి పుట్టగలదనీ ఆమె వాదన.

"పెళ్లయితే అన్నీ అవే వస్తాయి" అనే పెద్దల మాట నాకు మింగుడుపడనిది ఇక్కడే. 2004లో కెనడా మనస్తత్వవేత్త ఆంటొనీ బోగర్ట్ పరిశీలించిన బ్రిటన్ సర్వేలో సుమారు ఒక శాతం మంది తమకు ఎవరిపైనా లైంగిక ఆకర్షణ కలగలేదన్నారు. అలాంటివారిలోనూ మనసారా ప్రేమించేవారు ఉంటారు. ఆ సంగతి పెళ్లిచూపుల నాడే తెలియడం ఇద్దరికీ మంచిది.

ఇక ఏది మేలు? అద్దె ఇల్లు, అత్తగారి మోకాళ్ల నొప్పులు, నెలాఖరు లెక్కలు ఉన్న కాపురానికి నేను వలపు వైపే మొగ్గుతాను. పవిత్రమని కాదు, పురుషార్థాలలో కామానికీ చోటిచ్చినవాళ్లం, దాన్ని నీచమనడం మనకు తగదు. పైగా కోరిక అబద్ధమాడదు, రేపటి గురించి మాటివ్వదు. అబద్ధాలాడేది వలపే. ఎదుటివారి సోమరితనాన్ని కూడా శాంత స్వభావంగా చూపిస్తుంది. అయినా అవతలివారి కష్టసుఖాలు పట్టేది దానికే.

"నీది తప్పేమీ కాదు, పెళ్లికి మాత్రం తొందరపడకు" అన్నాను. "ఇంతకీ అతను ఎప్పుడు వస్తున్నాడు?"

పొట్లం అడుగున మిగిలిన ఉల్లిపాయ ముక్కలు ఏరుకుంటూ అంది: "బుధవారం అనుకుంటా అక్కా. అడగలేదు."