కూలెంట్ ప్రెషర్ టెస్టర్, ఓబీడీ స్కానర్: విశాఖలో చాలాకాలం వాడాక

ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, తగ్గిపోతోంది, కారు కింద మాత్రం చుక్క కనిపించడం లేదు. ఈ బాధ పడుతున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నా దగ్గర రెండు పరికరాలున్నాయి. ఒకటి రేడియేటర్ మూత తీసి ఆ చోట బిగించి, చేత్తో గాలి కొట్టే ప్రెషర్ టెస్టర్ కిట్. రెండోది స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో (కారు కంప్యూటర్‌ని చదివే సాకెట్) పెడితే ఫోన్‌లో ఇంజిన్ లెక్కలు చూపించే బ్లూటూత్ స్కానర్. కొని కొన్నేళ్లయింది. మా పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌కే కాదు, అపార్ట్‌మెంట్‌లో వాళ్ల కార్లకి, చుట్టాల కార్లకి కూడా వాడుతూ వచ్చాను. ఒక్కటే కొనే వీలుంటే ప్రెషర్ టెస్టర్ కొనండి.

కూలింగ్ సిస్టమ్ అంతా ఒత్తిడి మీదే ఆధారపడి ఉంటుంది. రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, అది ఒత్తిడిని కొలిచే బార్‌లలో. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ ఉన్న కూలెంట్ బయటి ఒత్తిడిలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత సరిగ్గా పట్టి ఉంచితే 125 దాటినా మరగదు. అందుకే చిన్న లీకుతో పోయేది కూలెంట్ ఒక్కటే కాదు, ఆ ఒత్తిడి కూడా. లీకు పెద్దదైతే కంటికి కనిపిస్తుంది. చిన్నది ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే కారుతుంది, కారిన చుక్క ఆ వేడికి అక్కడే ఆవిరైపోతుంది. బండి చల్లారాక వెతికితే ఏమీ దొరకదు.

టెస్టర్ ఈ చిక్కు విప్పుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బిగించి, మూత మీది అంకె వరకు గాలి కొట్టి వదిలేయాలి. అంతకు మించి కొట్టొద్దు, పాత ప్లాస్టిక్ ట్యాంకులు పగులుతాయి. రబ్బరు హోస్‌లు కాస్త సాగుతాయి కాబట్టి టెస్టర్ గేజ్ ముల్లు మొదట్లో కొంచెం దిగడం మామూలే. మళ్లీ అంకెకు తెచ్చి పావుగంట ఆగండి. ముల్లు కదలకపోతే బయటి లీకు లేనట్టే. దిగుతుంటే టార్చి పట్టుకుని వెతకాలి. ఇంజిన్ చల్లగా ఉంది కాబట్టి చుక్క ఆవిరి కాకుండా అలాగే నిలుస్తుంది, చెయ్యి కాలుతుందన్న భయమూ ఉండదు.

మా కారులో కూలెంట్ మట్టం మెల్లగా పడిపోతూ ఉండేది. ఒక షెడ్డులో రేడియేటర్ మార్చాలన్నారు. ఇంకోచోట చూడకుండానే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య సీల్) పోయిందన్నారు. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన మాత్రం, "గాలి కొట్టి చూడకుండా ఏ సామానూ మార్చకండి బాబూ" అన్నారు. గాలి కొట్టి చూస్తే వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం నుంచి కూలెంట్ ఊరుతోంది. లోపలి సీల్ అరిగినప్పుడు కూలెంట్ బేరింగ్‌లోకి పోకుండా బయటికి రావాలనే ఆ రంధ్రం పెడతారు. పంపు మార్చాం, సమస్య తీరిపోయింది. రేడియేటర్ ఇప్పటికీ పాతదే. ఆ ఒక్కసారికే కిట్‌కి పెట్టిన డబ్బు వచ్చేసింది.

మూతను పరీక్షించే అడాప్టర్ కూడా కిట్‌లో ఉంటుంది. దాన్ని చాలామంది ముట్టుకోరు, నాకు మాత్రం బాగా పనికొచ్చింది. మూతలో రెండు వాల్వులుంటాయి. ఒకటి ఒత్తిడి ఎక్కువైతే కూలెంట్‌ని రిజర్వాయర్‌లోకి (పక్కనుండే కూలెంట్ డబ్బా) వదులుతుంది, రెండోది చల్లారాక వెనక్కి పీల్చుకోనిస్తుంది. రెండోది ఇరుక్కుంటే బండి చల్లారేసరికి పై హోస్ నొక్కినట్టు చదునుగా అయిపోతుంది. పక్క ఫ్లాట్ వాళ్ల కారులో నేను చూసింది అదే. వాళ్లు హోస్ మార్చడానికి సిద్ధమయ్యారు, కొత్త మూత పెడితే సరిపోయింది.

మన ఊరికి సంబంధించిన మాట ఒకటి. బీచ్‌రోడ్డు, రుషికొండ వైపు రోజూ తిరిగే బండ్లకి ఉప్పుగాలి, పోర్టు వైపు తిరిగే వాటికి దుమ్ము. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో ఈ మురికి చేరి గాలి ఆడనివ్వదు. ముందు నుంచి చూస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. ఇంజిన్ వైపు నుంచి బయటికి, సన్నటి ధారతో నీళ్లు పట్టాలి. ప్రెషర్ గన్ పెడితే రేడియేటర్ సన్నటి రెక్కలు ఒరిగిపోతాయి. వేలితో తాకితే రెక్కలు పొడిలా రాలుతుంటే మాత్రం ఆ రేడియేటర్ పని అయిపోయినట్టే, టెస్టర్ ముల్లు నిలబడినా సరే. ఈ సంగతి టెస్టర్ చెప్పదు.

ఇక స్కానర్. చాలా కార్ల టెంపరేచర్ ముల్లు చాలాసేపు మధ్యలోనే ఉండేలా అమర్చి ఉంటుంది. కొన్నిటికి ముల్లే లేదు, ఎర్ర లైటు ఒక్కటే. అది వెలిగేసరికే ఆలస్యమవుతుంది. స్కానర్ డిగ్రీల్లో చెబుతుంది కాబట్టి వేడి ఎప్పుడు, ఎక్కడ పెరుగుతోందో తెలుస్తుంది. ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో పెరిగి, మధురవాడ దాటి హైవే ఎక్కగానే దిగుతోందంటే ఫ్యాన్, దాన్ని ఆన్ చేసే రిలే, లేదా రేడియేటర్ రెక్కల్లో మురికి అని అనుమానించాలి. ట్రాఫిక్‌లో బాగానే ఉండి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే పెరుగుతోందంటే కూలెంట్ సరిగ్గా తిరగడం లేదు. రేడియేటర్ లోపల పూడిందో, థర్మోస్టాట్ (వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) పూర్తిగా తెరుచుకోవడం లేదో, పంపు రెక్కలు అరిగాయో చూడాలి. ఈ తేడా చెప్పగలిగితే మెకానిక్ పని సగం తగ్గుతుంది.

రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే స్కానర్ పెడితే కూలెంట్ వేడి, లోపలికి పీల్చే గాలి వేడి దాదాపు ఒకటే చూపించాలి. చాలా తేడా ఉంటే సెన్సార్ మీద అనుమానం పెట్టుకోవాలి. మైనస్ 40 చూపిస్తుంటే చాలావరకు సెన్సార్ వైరు ఊడినట్టే. ఒక హెచ్చరిక: కూలెంట్ బాగా పోయినప్పుడు సెన్సార్ చుట్టూ ద్రవం ఉండదు, అప్పుడది అసలు వేడిని చూపించకపోవచ్చు. అంకె బాగానే ఉందని ధైర్యంగా నడిపితే ఇంజిన్ పోతుంది. స్కానర్‌ని నేను రెండో స్థానంలో పెట్టడానికి ఇదొక కారణం. ఫోన్‌తో కనెక్షన్ తరచూ తెగడం ఇంకో కారణం. బండి రోజుల తరబడి ఆపేటప్పుడు దాన్ని పీకేయాలి, లేకపోతే బ్యాటరీని తింటుంది.

మా బావమరిది కారులో అయితే స్కానర్‌కే మార్కులు. ఎంత నడిపినా వేడి 70 దాటేది కాదు, మైలేజీ పడిపోయింది, పీ0128 కోడ్ వచ్చింది. ఇంజిన్ తగినంత వేడెక్కడం లేదని దాని అర్థం. "మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు?" అని ఎవరో మెకానిక్ దాన్ని తీసేశారు. ఈ మాట మన వైపు చాలాచోట్ల వినిపిస్తుంది, ఇది పూర్తిగా తప్పు. సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకునే ఆ వాల్వు లేకపోతే ఇంజిన్ చల్లగానే నడుస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ త్వరగా పాడవుతుంది. కొత్తది పెట్టించాక అంకె 90 దగ్గర నిలబడింది.

టెస్టర్‌కీ పరిమితులున్నాయి. వేడెక్కితేనే తెరుచుకునే హెడ్ గాస్కెట్ చీలికను చల్లటి పరీక్ష పట్టుకోలేకపోవచ్చు. బయట ఎక్కడా తడి లేకుండా ముల్లు దిగుతుంటే ముందు కాలి దగ్గర కార్పెట్ తడిమి చూడండి, హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) లీకైతే అక్కడ తడి, తియ్యటి వాసన ఉంటాయి. అదీ లేకపోతే గాస్కెట్ అనుమానం. టెస్టర్ బిగించి ఉంచి, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే దాని ముల్లు జోరుగా పైకి లేస్తుంటే సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందని అర్థం, వెంటనే ఆపేయాలి. నిర్ధారణకి నీలం ద్రవంతో చేసే గ్యాస్ పరీక్ష ఉంది. పెట్రోల్ ఇంజిన్‌లో అది పసుపుకి తిరిగితే గాస్కెట్ పోయిందనో, హెడ్‌కి పగులు వచ్చిందనో నమ్మొచ్చు. హెడ్ విప్పించడానికి ఒప్పుకునే ముందు ఈ పరీక్ష అడిగి చేయించండి.

పని అయ్యాక నింపే నీళ్ల విషయంలో నేను రాజీపడను. తీరం దగ్గర బోరు నీళ్లు పోస్తే లోపల ఉప్పుల పొర, తుప్పు పడతాయి. డిస్టిల్డ్ వాటర్, మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంట్, అంతే. రంగు ఒకటే కదా అని రెండు రకాలు కలపొద్దు, రంగుకి ఏ ప్రమాణమూ లేదు. పోశాక హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, బండి ముక్కు ఎత్తుగా ఉండేలా ర్యాంప్ మీద నిలిపి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ నడిపితే లోపలి గాలి పోతుంది. కింద ఒలికిన కూలెంట్‌ని తప్పకుండా కడిగేయండి. తియ్యగా ఉంటుందని సెల్లార్‌లో కుక్కలు నాకుతాయి. అది వాటికి ప్రాణాంతకం.

కిట్ మన్నిక సంగతి. పంపు, గేజ్ ఇప్పటికీ బాగున్నాయి. అడాప్టర్ల రబ్బరు రింగులు మాత్రం గట్టిపడి, టెస్టరే గాలి వదిలేది. లీకు కారులో ఉందో కిట్‌లో ఉందో తెలియక తికమక. కొత్త రింగులు వేశాక సరయింది. ఇప్పుడు వాడిన ప్రతిసారీ కడిగి, తుడిచి పెడుతున్నాను. కొనే ముందు మీ కారు మూత కొలత చూసుకోండి. మరలు తిప్పే మూత రిజర్వాయర్ మీదే ఉండే కార్లకి వేరే అడాప్టర్ కావాలి, చవక కిట్లలో అది ఉండకపోవచ్చు.