స్టీల్ పైపుకి నున్నటి కన్నం: మామూలు బిట్టా, కోబాల్టా, స్టెప్ బిట్టా?

భీమవరం చెరువుల్లో నీటికి గాలి కలిపే ఏరేటర్ ఫ్రేములైనా, అంతర్వేది వైపు ఇళ్ల మెట్ల రెయిలింగులైనా ఎక్కువగా స్టెయిన్‌లెస్ పైపులే. ఈ ఉప్పుగాలిలో కన్నం నున్నగా పడటం అందం కోసమే కాదు. వేడికి అంచు నీలంగా మారిందంటే అక్కడ పైపొరలో క్రోమియం తగ్గినట్టే. తుప్పు ముందు అక్కడే పడుతుంది.

మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) డ్రిల్ బిట్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుని కోయకుండా రుద్దితే అది గట్టిపడిపోతుంది, ఆపైన ఎంత నొక్కినా దిగదు. పదును బాగుంటే ఒకటి రెండు కన్నాలకి సరే. అంతకు మించి దాన్ని నమ్మను.

6 ఎం.ఎం. దాకా నా ఓటు కోబాల్ట్‌కే. ఎం35 అనే కోబాల్ట్ రకం బిట్‌లో 5 శాతం కోబాల్ట్ ఉంటుంది, వేడికి త్వరగా మెత్తబడదు. 135 డిగ్రీల స్ప్లిట్ పాయింట్ (మధ్యలో అదనంగా చెక్కిన మొన) ఉన్నది తీసుకుంటే గుండ్రటి పైపు మీద అంతగా జారదు. అయినా కన్నం చోట పంచ్‌తో చిన్న గుంట కొట్టాల్సిందే, పైపు సొట్టపడకుండా లోపల చెక్క ముక్క దూర్చి. ఈ బిట్ కాస్త పెళుసు, చేతి మెషిన్ పక్కకి ఒరిగితే విరుగుతుంది. బంగారు రంగు చూసి కోబాల్ట్ అనుకోకండి, అది పైపూత మాత్రమే.

10, 12 ఎం.ఎం. కన్నమైతే కథ వేరు. రెయిలింగు పైపు మందం ఒకటి, ఒకటిన్నర ఎం.ఎం. ఉంటుంది. అంత పల్చటి రేకులో పెద్ద బిట్ దించితే కన్నం గుండ్రంగా రాక మూడు మూలలు తేలుతుంది. ఇక్కడ మెట్లు మెట్లుగా లావయ్యే స్టెప్ బిట్టే మేలు. కన్నం గుండ్రంగా వస్తుంది, తర్వాతి మెట్టు తాకీ తాకకుండా ఆపితే అంచు గరుకూ పోతుంది. ఒక్క ఇబ్బంది, సన్నపైపులో దాని మొన అవతలి గోడకి తగులుతుంది.

ఏ బిట్టయినా వేగం తగ్గించండి. కరెంటు వైరున్న చేతి మెషిన్లు చాలావరకు ఫుల్ ట్రిగ్గర్‌లో నిమిషానికి 2,500 చుట్ల పైనే తిరుగుతాయి. 6 ఎం.ఎం.కి నిమిషానికి 800 చుట్లు, 12కి 400 చాలు. కటింగ్ ఆయిల్ వేసి గట్టిగా, ఆపకుండా నొక్కాలి. రజను పొడవాటి చుట్టలుగా వస్తే బిట్ కోస్తున్నట్టు, పొడిగా రాలితే రుద్దుతున్నట్టు. పొడి కనబడగానే ఆపి బిట్ మార్చండి.

అవతలివైపూ కన్నం కావాలంటే రెండు వైపులా గుర్తు పెట్టుకుని విడివిడిగా వేయండి. చెరువులో దిగే పైపుని బిగించేముందు నూనె, రజను లేకుండా సబ్బునీళ్లతో కడగండి.