ముక్కును పట్టించుకోని ఆక్సిజన్ మిషన్

కరెంటు పోతే వాడకట్టంతా లేచేలా కూత పెట్టే ఈ మిషన్, బాపు ముక్కు నుంచి గొట్టం ఊడిపోయి ఆక్సిజన్ అంతా రగ్గులోకి పోతున్నా కిక్కురుమనదు. హన్మకొండలోని మా ఇంట్లో, గదిలోని గాలి నుంచే ఆక్సిజన్ తీసి నిమిషానికి ఐదు లీటర్ల వరకు ఇచ్చే కాన్సంట్రేటరును ఏళ్ల తరబడి వాడిన తర్వాత దాని మీద నాకు మిగిలిన కోపం ఇదొక్కటే. కోపం ఒక్కటే అయినా చిన్నది కాదు.

బాపుకు పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బుతో పాటు పాత ఊపిరితిత్తుల జబ్బు కూడా ఉంది. రాత్రంతా వైర్లు అమర్చి చేసిన స్లీప్ స్టడీలో, నిద్రలో ఆయన రక్తంలో ఆక్సిజన్ 88 శాతం కంటే కిందికి దిగి చాలాసేపు అక్కడే ఉంటోందని తేలింది. గొంతు మూసుకుపోయి శ్వాస ఆగిపోయే అప్నియా పెద్దగా లేదని కూడా అందులోనే తేలింది గనుక, డాక్టరు గారు మాస్కు గుండా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మిషన్ జోలికి పోకుండా నిమిషానికి ఒకటిన్నర లీటరు చొప్పున ఆక్సిజన్ రాశారు. ఇలాంటి ఊపిరితిత్తులు ఉన్నవారికి ఆక్సిజన్ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ అంకెను మా అంతట మేము పెంచవద్దని గట్టిగా చెప్పారు.

మొదటి నెలల్లో ఈ మిషన్‌ను నేను కనబడిన వారందరి దగ్గరా మెచ్చుకున్నాను. పొద్దున లేచేసరికి ఉండే తలనొప్పి తగ్గింది, పగలు కుర్చీలోనే తల వాల్చేయడం తగ్గింది. అయితే దాదాపు అదే సమయంలో పడుకునే ముందు వేసే పార్కిన్సన్స్ మందు లేవోడోపాను మెల్లగా విడుదలయ్యే మాత్రకు మార్చారు, నిద్ర కోసం మెలటోనిన్ కూడా చేర్చారు. కాబట్టి ఆ పేరంతా మిషన్‌కే కట్టబెట్టలేను. నిద్రలో అరవడం, చేతులు విసరడం మాత్రం ఆక్సిజన్‌తో తగ్గేవి కావు. కలలు వచ్చే నిద్రలో ఒంటి కండరాలను కదలకుండా వదులుగా ఉంచే ఏర్పాటు మెదడు కాండంలో ఉంటుంది, పార్కిన్సన్స్‌లో అది దెబ్బతింటుంది. చేతి వణుకు కనబడడానికి చాలా ఏళ్ల ముందే ఆయన నిద్రలో తన్నేవారని అమ్మ చెబితే, డాక్టరు గారు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

మా కష్టం మొదలైంది ఆ చేతులు విసరడంతోనే. ఒక చలికాలపు రాత్రి బాపు "కోతులచ్చినయ్, కొట్టుర్రి!" అని కలలో అరిచారు. మా వాడలో కోతుల బెడద తెలిసినవారికి ఆ కల వింతేమీ కాదు. అలవాటైన అరుపే గనుక అమ్మ అటు తిరిగి పడుకుంది. తెల్లవారుజామున రగ్గు సర్దబోతే లోపలి నుంచి సన్నగా గాలి చప్పుడు వినబడిందట. విసిరిన చేతికి చిక్కుకొని గొట్టం ఊడిపోయింది, దాని రెండు కొనలూ దిండు కింద ఆక్సిజన్ ఊదుతున్నాయి. కుడి చేయి మేలుకుని ఉన్నప్పుడు వణుకుతుంది, వణికే వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఆక్సీమీటరు అంకెలు నిలవవు. అందుకని ఎడమ చేతి వేలికి పెట్టి చూస్తే 84 చూపించింది. బాపు మాట తడబడుతోంది, తల పగిలిపోతోందని అంటున్నారు. మంచానికి రెండడుగుల దూరంలో గచ్చు మీద దోమల చక్రం ఇంకా రాజుకుంటూనే ఉంది. ఆక్సిజన్ పట్టిన బట్టకు నిప్పురవ్వ చాలు.

అంతసేపూ మిషన్ మీద ఆకుపచ్చ దీపం నిశ్చింతగా వెలుగుతోంది. ఆ దీపానికి తెలిసింది ఒక్కటే: గదిలోని 21 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి, నైట్రోజన్‌ను పట్టి ఉంచే జియోలైట్ గుళికల గుండా పోయి 90 శాతానికి పైగా ఆక్సిజన్‌గా బయటికి వస్తోందా లేదా అన్నది. అది ఎవరి ముక్కులోకి పోతోందో దానికి పట్టదు. మిషన్ అమ్మిన దుకాణం నుంచి వచ్చిన మెకానిక్ కూడా "గొట్టం మడతపడితే మోగుతది గద సార్, మిషన్ మంచిగనే ఉన్నది" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన లెక్కలో అది నిజమే.

అప్పటి నుంచి గొట్టాన్ని గడ్డం కింది నుంచి కాకుండా చెవుల వెనక నుంచి తలాపి వైపుకు తీస్తున్నాం, చెంపల మీద కాగితం టేపు అంటిస్తున్నాం. దోమల చక్రం మానేసి దోమతెర కట్టాం, ఆక్సిజన్ దగ్గర జిడ్డు కూడా అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి ముక్కు ఎండిపోయినా వేజలిన్ గానీ కొబ్బరినూనె గానీ రాయడం లేదు. ఆక్సిజన్ పడిపోతే మోగే ఆక్సీమీటరు ఒకటి మణికట్టుకు కడుతున్నాం. బాపు మేలుకుని చేయి వణికినప్పుడల్లా అది కూడా ఉత్తినే మోగుతుంది, అయినా మోగనిదానికంటే అదే నయమని అమ్మ అంటుంది.

పక్కన పడుకునే మనిషి ఉండి, స్లీప్ స్టడీలో ఆక్సిజన్ పడిపోతోందని తేలితే, మా ఇంటి అనుభవం మేరకు ఈ మిషన్ పనికొస్తుంది. పార్కిన్సన్స్ ఒక్కటే ఉండి, నిద్ర పట్టడం లేదని దీన్ని కొంటామంటే మాత్రం ముందు మాత్రల వేళల గురించి డాక్టరును అడగమనే చెబుతాను. శ్వాసను పసిగట్టి, అది అందకపోతే మోగే చిన్న మిషన్లు ఉన్నాయి. కానీ అవి ముక్కుతో లోపలికి పీల్చినప్పుడే ఆక్సిజన్ వదులుతాయి, బాపు రాత్రంతా నోరు తెరిచే పడుకుంటారు.