కీరా శాండ్‌విచ్‌లోకి వెన్నా, క్రీమ్ చీజా, వడకట్టిన పెరుగా: బెజవాడ ఎండకు ఏది మేలు?

కీరా శాండ్‌విచ్‌తో వచ్చే తగువంతా నీళ్లదే. కీరాలో నూటికి 95 పాళ్లు నీరే ఉంటుంది. దాన్ని పల్చగా తరిగి రెండు మెత్తటి రొట్టె ముక్కల మధ్య పెట్టాలి, టీ వేళ దాకా రొట్టె తడిసి ముద్ద కాకూడదు. మధ్యలో ఏం పూశామన్నదే అసలు సంగతి. బ్రిటన్‌లో వెన్న పూస్తారు. క్రీమ్ చీజ్‌లో ఆకులు కలిపి పూయడం అమెరికా వైపు అలవాటు. ఆ డబ్బా ధర చూసి మనం వడకట్టిన పెరుగుకు దిగుతాం. ఈ మూడింటినీ మే నెలలో, పటమటలోని మా ఏసీ లేని వంటింట్లో చేసి చూశాను.

వెన్న సంగతి తొందరగా తేలిపోయింది. పాలకొవ్వు 35 డిగ్రీలు వచ్చేసరికి దాదాపు పూర్తిగా కరిగిపోతుంది. చల్లటి ఇంగ్లండు గదిలో వెన్న గట్టి పొరగా నిలిచి కీరా నీటిని రొట్టెలోకి దిగనివ్వదు. ఆ శాండ్‌విచ్ కిటుకంతా ఆ పొరలోనే ఉంది. మా వంటింట్లో ఆ రోజు 38 డిగ్రీలు. మూడింటికి చేసి తడిగుడ్డ కప్పిన పళ్లెం నాలుగింటికి తెరిస్తే, వెన్న నూనెలా రొట్టెలోకి ఇంకిపోయి ఉంది, దాని వెనకే కీరా నీళ్లూ దిగాయి. ముక్కను ఎత్తబోతే వేలు లోపలికి దిగబడింది. ఇదే వెన్న శాండ్‌విచ్‌ను సంక్రాంతి రోజుల్లో చేస్తే రుచిలో మిగతా రెండూ దాని ముందు నిలవవు, అది కూడా ఒప్పుకోవాలి. కానీ సంక్రాంతికి అరిసెలు వదిలి కీరా ముక్కలు తినేదెవరు?

ఇక పోటీ మిగిలిన రెండింటి మధ్యే.

క్రీమ్ చీజ్ 1872లో న్యూయార్క్ రాష్ట్రంలోని చెస్టర్ ఊళ్లో పుట్టిందంటారు. విలియం లారెన్స్ అనే పాలవ్యాపారి పాలకు మీగడ చేర్చి చేయించాడట. అమెరికా నిబంధన ప్రకారం అందులో 33 శాతానికి తగ్గకుండా పాలకొవ్వు ఉండాలి, నీరు 55 శాతం దాటకూడదు. డబ్బా మీద చిన్న అక్షరాలు చదివితే చాలా రకాల్లో కరోబ్ అనే చెట్టు గింజల బంకో, గోరుచిక్కుడు గింజల బంకో కనిపిస్తుంది. బంక పేరు చూసి నేనూ మొదట ముఖం చిట్లించాను. తరవాత అర్థమైంది, ఎండలో ఆదుకునేది అదేనని. కొవ్వు మెత్తబడ్డా మాంసకృత్తులూ బంకా కలిసి నీటిని పట్టి ఉంచుతాయి కాబట్టి, వెన్న కరిగి కారిపోయిన వేడిలో కూడా ఇది కాస్త జారుగా అయ్యిందే తప్ప రొట్టెలోకి దిగలేదు.

దాని లోపాలు రెండు. ఒకటి ధర. బరువుకు బరువు లెక్కవేస్తే ఇంట్లో వడకట్టిన పెరుగు కన్నా మూడు నాలుగింతలకు తక్కువ పడదు. రెండోది, అంత కొవ్వు నాలుక మీద పొరలా పరుచుకుంటుంది, ఎండాకాలం రెండో ముక్క దగ్గరే చాలనిపిస్తుంది.

పెరుగు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే చెడగొట్టుకునే దారులు దీనికే ఎక్కువ. కొవ్వు తీయని పాలే కావాలి. ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లో కొవ్వు 6 శాతం ఉంటుంది, మంచి గేదెపాలలో అంతకన్నా కాస్త ఎక్కువే. లీటరు పాలు తోడుపెట్టి రాత్రంతా వడకడితే అరకిలోకు కొంచెం తక్కువ ముద్ద మిగులుతుంది, అందులో కొవ్వు 13 శాతం దాకా ఉంటుంది. క్రీమ్ చీజ్‌లో ఉన్నదాంట్లో సగం కూడా కాదు. పైగా దీనికి బంక తోడు లేదు. ఎంత వడకట్టినా పూసిన తరవాత మళ్లీ నీరు విడుస్తూనే ఉంటుంది.

మా అమ్మ పెరుగును మూటకట్టి కుళాయికి వేలాడదీసేది. మే నెలలో ఆ పని చేస్తే తెల్లారేసరికి పెరుగు పుల్లగా పళ్లు జివ్వుమనేలా తయారవుతుంది, తోడులోని సూక్ష్మజీవులు వేడికి ఊరుకోవు కదా. జల్లెడలో పల్చటి నూలుబట్ట పరిచి, పెరుగు పోసి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. పైన చిన్న పళ్లెం, దాని మీద నీళ్ల గ్లాసు బరువు పెడితే పది గంటల్లో చెంచా నిలబడేంత గట్టిపడుతుంది. కింద దిగిన పచ్చటి నీళ్లు పారబోయకండి, చపాతీ పిండిలోకి బాగుంటాయి.

ఉప్పు మాత్రం చివరి నిమిషం దాకా వేయకూడదు. ఉప్పు తగిలిన పెరుగు నీరు వదులుతుంది. నేను మొదటిసారి రుచి చూసుకుంటూ ముందే కలిపి పెట్టాను. గంట తరవాత గిన్నె చుట్టూ గట్టు తెగిన చెరువులా నీళ్లు నిలిచాయి.

ఆకుల దగ్గర ఈ రెండింటి స్వభావం పూర్తిగా వేరు. కొవ్వు వాసనను పట్టి మెల్లగా వదులుతుంది కాబట్టి క్రీమ్ చీజ్‌లో సోయకూర, ఉల్లికాడలు, కాసింత నిమ్మతొక్క తురుము వేసి ఒక పూట ఫ్రిజ్‌లో ఉంచితే రుచి పెరుగుతుంది. పెరుగులో అదే పని చేస్తే ఆకులు వడలి, పులుపు మీదికి వస్తుంది. అప్పటికప్పుడు కలపాలి. పుదీనా పెరుగుకు నప్పినంతగా క్రీమ్ చీజ్‌కు నప్పదు. దాన్ని మొండి కత్తితో నలిపితే నల్లబడుతుంది, ఆకులు చుట్టి పదునైన కత్తితో ఒక్కసారే తరగాలి.

పెరుగుతో ఇంకో ప్రమాదం ఉంది. చేయి అలవాటు ప్రకారం కొత్తిమీర, పచ్చిమిర్చి, అల్లం వేసేశాను. మా అత్తగారు ఒక ముక్క తిని, నిదానంగా నమిలి, "అమ్మాయ్, రొట్టెలో పెరుగుపచ్చడి పెట్టావా?" అన్నారు. "అవునండీ అత్తయ్యగారూ" అనడం తప్ప గత్యంతరం లేదు, ఆమె అన్నది నిజమే. అప్పటి నుంచి మిర్చి, అల్లం మానేసి మిరియాల పొడితో సరిపెడుతున్నాను.

రొట్టె గురించి కూడా ఒక మాట. మన బేకరీల పాల రొట్టెలో తీపి ఎక్కువ. క్రీమ్ చీజ్ ఆ తీపిని కలుపుకుపోతుంది గానీ పుల్లటి పెరుగు పక్కన అది ఎబ్బెట్టుగా ఉంటుంది. పెరుగు వాడే రోజున తీపి లేని శాండ్‌విచ్ రొట్టె తెచ్చుకోండి. అంచులు ముందు కాక, పూసి మూసిన తరవాత కోస్తే ముక్కలు సరిగ్గా కుదురుతాయి.

పూత ఏదైనా కీరాకు చేయాల్సిన మర్యాద ఒకటే. తొడిమ వైపు ముక్క కోసి రుచి చూడాలి, చేదంతా ఎక్కువగా అక్కడే ఉంటుంది. ముదిరిన కాయ అయితే మధ్య గింజలు చెంచాతో తోడేయాలి. కాగితమంత పల్చగా తరిగి, ఉప్పు చల్లి పావుగంట ఆగి, బట్టలో పెట్టి గట్టిగా పిండాలి. రెండు మధ్యరకం కీరాల నుంచి దాదాపు పావు గ్లాసు నీళ్లు కారాయి నాకు. ఆ నీళ్లన్నీ రొట్టెలోకి దిగాల్సినవే. ఉప్పు ఇక్కడే సరిపోతుంది కనుక పెరుగులో వేయకపోయినా లోటుండదు. పప్పులో వేసే పసుపుపచ్చని దోసకాయతో చేయొచ్చా అని పక్కింటావిడ అడిగారు. చేయొచ్చు, కానీ దాని పులుపు, గట్టి కండ పప్పులో పడాల్సినవి.

పనీరును మిక్సీలో వేసి కూడా చూశాను. ఇసుకలా తగిలింది, వదిలేశాను.

మరి ఏది మేలు? చేసిన పావుగంటలో, మహా అయితే అరగంటలో తినేసే నలుగురికైతే వడకట్టిన పెరుగే. చల్లగా, తేలిగ్గా ఉంటుంది, రెండో ముక్కకు చేయి వెళుతుంది. ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టి, వచ్చినవాళ్లకు విడతలుగా అందించాలంటే క్రీమ్ చీజ్ డబ్బుకు బాధపడకండి. పెరుగు ఆ పని చేయలేదు, ఎంత అభిమానం ఉన్నా. అయితే క్రీమ్ చీజ్ నిలుస్తుంది కదా అని పళ్లెం బల్ల మీద వదిలేయకూడదు. 32 డిగ్రీలు దాటిన వేడిలో పాలపదార్థాలు గంటకు మించి బయట ఉండకూడదని అమెరికా ఆహార భద్రతా సూచన. మన మే నెల మధ్యాహ్నాలు ఆ అంకె దాటని రోజు అరుదు.

ఈ ఆదివారం మా ఇంటికి పన్నెండు మంది వస్తున్నారు. ఒక్క డబ్బా క్రీమ్ చీజ్ తెచ్చాను, పన్నెండు మందికి అది చాలదు. దానికి సమంగా వడకట్టిన పెరుగు కలిపి చూద్దామని లీటరు పాలు ఇప్పుడే తోడుపెట్టాను. మా అత్తగారు గిన్నె మీద మూత తీసి చూసి, ఈసారి పచ్చిమిర్చి వేస్తావా వేయవా అని అడిగి వెళ్లారు.