రంగుల పరీక్షకి బరంపురం వెళ్ళాం: ఒక కళ్ళ క్లినిక్ గురించి

మాది పర్లాకిమిడి. మా మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు. అగ్నివీర్ అవ్వాలని తెల్లవారకముందే లేచి పరుగు ప్రాక్టీసు చేస్తాడు. నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. ఈ లోపం మగపిల్లలకి తల్లి వైపు నుంచే వస్తుంది, అందుకే వాడి విషయంలో నాకు టెన్షన్. రాతపరీక్ష, పరుగు అన్నీ నెగ్గి మెడికల్‌లో వెనక్కి వస్తే ఆ పిల్లాడు తట్టుకోలేడు.

ముందు దగ్గర్లోని ఒక కళ్ళజోళ్ళ షాపులో చూపించాం. సెల్‌ఫోన్‌లో చుక్కల బొమ్మ ఒక్కటి పెట్టి, "12 అన్నాడు, బాగానే ఉంది" అని పంపేశారు. రంగు చుక్కల మధ్య అంకెలు దాచి రంగుల చూపు పరీక్షించే పుస్తకం ఇషిహారా. అందులో 12 మొదటి పేజీ. పరీక్ష ఎలా ఉంటుందో చూపడానికే అది. నాకూ కనిపిస్తుంది! దాంతో పిల్లాడి దారి తేల్చేస్తారా?

బరంపురం క్లినిక్‌లో మేడమ్ తెలుగులోనే మాట్లాడారు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని ముందే అడిగారు. వాణ్ణి కిటికీ పక్కన పగటి వెలుగులో కూర్చోబెట్టి, బీరువాలోంచి పుస్తకం తీశారు. ఎండ తగిలితే రంగులు వెలిసిపోతాయని మూసి ఉంచుతారట. ముప్పావు మీటరు దూరం, పేజీకి మూడు సెకన్లు, అదీ వరుస మార్చి. పేజీ మీద వేలు పెట్టనివ్వలేదు. ఒక పేజీ దగ్గర మావాడు 21 అన్నాడు. నాకూ 21 లాగే ఉంది. వెనకనుంచి వాడి తల్లి, మా చెల్లెలు "74 కదరా!" అంది. గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మేడమ్ తొందరపడలేదు. దీనికి మందు లేదని, నంబర్లు బట్టీపట్టడం, రంగు కళ్ళద్దాలు కొనడం డబ్బు దండగని వాడికే నేరుగా చెప్పారు. ఎయిర్‌ఫోర్స్ పైలట్‌కి సీపీ-1, అంటే రంగుల చూపులో అన్నిటికంటే పై గ్రేడు, తప్పనిసరి. ఆర్మీలో అంత పట్టు ఉండదు, సిగ్నల్ ఎరుపు, ఆకుపచ్చ గుర్తుపట్టగలగాలి. చిన్న చిన్న రంగు దీపాలు చూపించే మార్టిన్ లాంతరుతో కూడా చూస్తారు. ఆ లాంతరు ఈ క్లినిక్‌లో లేదు, అదొక్కటే లోటు. ఆ మాట వాళ్ళే రిపోర్టులో రాసిచ్చారు, నాకు నచ్చింది.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను. వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, వెలుతురు తగ్గాక ఈ పరీక్ష చెయ్యరు. తల్లిని కూడా తీసుకెళ్ళండి, ఆమె తరఫు వాళ్ళ సంగతి అడుగుతారు.