కాలవ డ్రాపు మీద కరెంటు తీయిస్తామని వచ్చే కన్సల్టెంట్లతో జాగ్రత్త, మా 3 లక్షలు పోయాయి

దర్శి, అద్దంకి వైపు సాగర్ కాలవల మీద చిన్న హైడల్ ప్లాంటు (నీళ్లతో కరెంటు తీసేది) పెట్టాలని చూస్తున్నవాళ్లు డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. నెల్లూరు జిల్లాలో సోమశిల కాలవల కింద ఉన్నవాళ్లు కూడా.

మేం ఏడుగురం రైతులం. మా ఊరి పక్కనే సాగర్ కుడికాలవ బ్రాంచి మీద ఒక డ్రాపు, అంటే కాలవ నీళ్లు మెట్టు మీంచి కిందికి దూకే చోటు, ఉంది. ఆ నీళ్ల హోరు వింటూ పెరిగాం, దాంతో కరెంటు తీయాలని ఎప్పటి నుంచో ఆశ. హైదరాబాదు నుంచి ఒక ఇంజినీరింగ్ కన్సల్టెన్సీ వాళ్లు వచ్చి సర్వే, డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి వివరాల రిపోర్టు), అనుమతులు అన్నీ కలిపి 4,20,000 అన్నారు. తలా 60 వేలు. సంతకాలు పెట్టిన రోజే 3 లక్షలు తీసుకున్నారు. ఏ పని ఎప్పటికి పూర్తి చేస్తారో అగ్రిమెంటులో ఒక్క ముక్క లేదు.

సర్వేకి వచ్చింది ఒకే ఒక్క రోజు. అక్టోబరు, కాలవ నిండుగా పారుతోంది. ఆ రోజున్న 210 క్యూసెక్కులే (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు) ఏడాది పొడుగునా పారతాయని రిపోర్టులో రాసేశారు. 176 కిలోవాట్లు, ఏడాదికి 15 లక్షల 40 వేల యూనిట్లు అని లెక్క తేల్చారు.

రిపోర్టు పట్టుకుని కాలవ మీదికి పోతే మా లస్కరు (కాలవ నీళ్లు చూసుకునే మనిషి) పెద్దాయన అన్న మాట ఇది: "అబ్బాయా, ఫిబ్రవరి దాటితే ఈ కాలవలో గేదెలు పడుకుంటాయి గదా, కరెంటు ఎట్టా తీస్తారు?"

అప్పుడు మేమే కూర్చుని లెక్క వేశాం. 35.3 క్యూసెక్కులు కలిస్తే సెకనుకు ఒక ఘనమీటరు. దాన్ని నీళ్లు పడే ఎత్తుతో, మళ్లీ 9.81తో గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. వచ్చినదాంట్లో టర్బైను (నీళ్లు తిప్పే చక్రం), గేరు, జనరేటరు మింగేది తీసెయ్యాలి. చిన్న ప్లాంటులో చేతికి దక్కేది నూటికి 75 అనుకోవచ్చు. వాళ్లు ఆ తరుగు అసలు తియ్యలేదు. ఎత్తు 3 మీటర్లని రాశారు. అది డ్రాపుకి పైనా కిందా కాలవ నేల మట్టాల మధ్య తేడా. కింద ఉన్న క్రాస్ రెగ్యులేటరు (కాలవకి అడ్డంగా కట్టిన గేట్లు) వల్ల నీళ్లు వెనక్కి తన్ని, పారకం ఉన్నప్పుడు పై మట్టానికీ కింది మట్టానికీ తేడా 2.1 మీటర్లే ఉంటోంది. లస్కరు పుస్తకం ప్రకారం సగటున 140 క్యూసెక్కులు, అదీ 150 రోజులు. అంటే దాదాపు 61 కిలోవాట్లు, ఏడాదికి దాదాపు 2 లక్షల 20 వేల యూనిట్లు. వాళ్లు చెప్పినదాంట్లో ఏడో వంతు! మనది కాలవ చివర. సాగర్‌లో నీళ్లు తగ్గిన ఏడాది ఇది కూడా రాదు. ఆ 15 లక్షల యూనిట్లు నమ్మి బ్యాంకు లోను తీసుకుని ఉంటే పొలాలు అమ్ముకునేవాళ్లం.

రిపోర్టు లోపల ఇంకా ఘోరం. టర్బైను పెల్టన్ రకం అని రాశారు. అది ఎంతో ఎత్తు నుంచి పైపుల్లో నీళ్లు దూకే కొండ ప్రాంతాల్లో పెట్టేది. మన డ్రాపుల్లాంటి తక్కువ ఎత్తుకి కాప్లాన్ లాంటి రకాలు కావాలి. ఇంకో పేజీలో వేసవిలో మంచు కరిగి వచ్చే నీళ్ల గురించి ఉంది. ప్రకాశం జిల్లాలో మంచు కరగడమేమిటి? ఎక్కడి హిమాలయాల రిపోర్టుకో మా ఊరి పేరు అతికించి ఇచ్చారు.

కాలవ జలవనరుల శాఖది. వాళ్ల ఒప్పుదల లేకుండా డ్రాపు దగ్గర ఒక ఇటుక కూడా పెట్టలేం. అయినా వీళ్లు ఆ శాఖ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) ఆఫీసు గడప తొక్కలేదు. సబ్‌స్టేషను అర కిలోమీటరని రాశారు. నిజానికి 7 కిలోమీటర్లు. అక్కడిదాకా వేసే 11 కేవీ కరెంటు లైను ఖర్చు ఎవరు భరించాలి?

ఎవరినైనా పెట్టుకునేవాళ్లు కనీసం పదేళ్ల గేజి లెక్కలు (కాలవలో రోజూ కొలిచిన నీటి లెక్కలు) తెప్పించి, ఏడాదిలో ఎన్ని రోజులు ఎంత నీరు పారుతుందో గీసిన గ్రాఫు చూపించమనండి. అది లేని డీపీఆర్‌కి రూపాయి ఇవ్వొద్దు. సర్వే పుస్తకం నకలు చేతికొచ్చాకే రెండో వాయిదా. టర్బైను కూడా మా మనిషి దగ్గరే కొనండి అన్నారంటే అక్కడే ఆగండి, మమ్మల్నీ అట్లాగే తొందరపెట్టారు. మన రాష్ట్రంలో ఇలాంటి ప్లాంట్ల పని చూసేది ఎన్‌ఆర్‌ఈడీక్యాప్ (పాత పేరు నెడ్‌క్యాప్) అనే ప్రభుత్వ సంస్థ, ముందు అక్కడ అడగండి. ఐఐటీ రూర్కీలో చిన్న జలవిద్యుత్తు మీద ప్రత్యేక విభాగం ఉంది. రిపోర్టు బాగోగులు అక్కడివాళ్లతో చూపించుకోవాలని మేం ఇప్పుడు అనుకుంటున్నాం.

మిగతా 1,20,000 మేం ఇవ్వం అని చెప్పి, కట్టినది వాపసు ఇమ్మని రిజిస్టర్ పోస్టులో లెటరు పంపాం. జవాబు లేదు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చా అని ఒంగోలులో లాయరుగారిని అడుగుతున్నాం. వీళ్ల చేతిలో నష్టపోయినవాళ్లు ఇంకెవరైనా ఉంటే మీ అగ్రిమెంటు, రసీదులు తీసి పెట్టుకోండి, కలిసి వెళ్దాం.